కొక్కేనికి పట్టిన చెమట

భయమంటే ఏందో నాకు ఎవ్వరూ నేర్పనక్కర లేదు. తల్లి కడుపుల నుంచే తెచ్చుకున్న. మా అమ్మగారి ఊరు రాయికోడ్ దిక్కు. ఆ ఊర్ల నేను కుక్కకు భయపడుతుంటి, ఉరుముకు భయపడుతుంటి, బాయిలకు తొంగి చూడాలంటే కండ్లు మూసుకుంటుంటి. మా నాయనది వడ్ల పని. నాగళ్లు, బండి చక్రాలు చేసేటోడు. బాడిస చప్పుడు, కట్టె వాసన తప్ప మా వాకిట్ల ఇంకోటి లేకుండె. గసొంటి పిల్లను తెచ్చి జహీరాబాద్‌ల కొలిమి ఉన్న ఇంటికి ఇచ్చిన్రు. వడ్లోళ్లు, కమ్మరోళ్లు వియ్యమందుకునుడు మాలో ఉన్నదే, అది కొత్తేం గాదు. నాకు కొత్తది నిప్పు. పొద్దంత నిప్పే.

యాభైలు అయిపోయి అరవైలు మొదలైన రోజులవి. మా ఇల్లు బొంబాయి సడకుకు దగ్గర్నే. ముందల కొలిమి, ఎనుక వంట పొయ్యి, నడుమ ఒక్క అర్ర. లారీ పోతే గోడకున్న గంటెలు గలగలమంటుండె, వాటితోటి నా గుండె. మా ఆయన అప్పటికి పడుచోడు. నవ్వుడు ఆయనకు ఒక రోగం. ఏం చెప్పినా నవ్వుతడు. నిప్పురవ్వ ఎగిరొచ్చి కొంగు మీద పడితే నేను కెవ్వుమంటుంటి, ఆయన సుత్తె కింద పెట్టి మరీ నవ్వుతుండె. "నీ నీడను చూసినా నీకు దడుపేనా?" అంటుండె. మా అత్తది బీదర్ దిక్కు. సగం తెలుగు, సగం కన్నడం. నేను ఉలిక్కిపడ్డప్పుడల్లా "హెదరబ్యాడవ్వా, హెదరబ్యాడ" అంటుండె. భయపడకు బిడ్డా అని. దినాం అన్నిసార్లు అంటే ఎవరికి రాదు? నాకు వచ్చిన మొదటి కన్నడ మాట అదే.

కొలిమి కాడ నాకు పెట్టిన పని తిత్తి ఊదుడు, ఇనుముకు మైనం రాసినంక గుడ్డతోటి తుడుసుడు. ఈ మైనం సంగతి జర చెప్పాలె. నాగటి కర్రు, గొడ్డలి, కొడవలి, ఇవన్నీ పొలంల పని చేసి చేసి వాటంతటవే మెరుస్తయి. వాటికి మైనమెందుకు? మనిషి చెయ్యి తాకేటివి వేరే. తలుపు గొళ్లెం, ఉయ్యాల గొలుసు, దీపం పెట్టే స్తంభం. వాటికి నూనె రాస్తే దుమ్ము పడుతది, బట్టలకు జిడ్డు అంటుతది. తేనె మైనం రాస్తే ఇనుము నల్లగ, నున్నగ అయితది, తుప్పు జల్ది రాదు, చేతికి మెత్తగ తగులుతది. తేనెపట్టు పిండినంక మిగిలిన పిప్పిని మా అత్త నీళ్లల్ల కాగబెట్టి, బట్టల వడగట్టి, చల్లారబెడుతుండె. పైన పచ్చగ బిళ్ల తేలుతుండె. అదే మైనం. ఆ దినం ఇల్లంతా తేనె వాసన. ఆ ఇంట్ల నాకు భయం కానిది ఆ వాసన ఒక్కటే.

అది గూడ ఎక్కువ దినాలు నిలవలే. ఇనుము ఎర్రగ ఉన్నప్పుడు మైనం పెట్టొద్దు. ఎరుపు పోవాలె, నల్లబడాలె, అయినా వేడి ఉండాలె. నీళ్ల చుక్క వేసి చూస్తరు. చుక్క గుండ్రంగ దొర్లుకుంట పోతే ఇంక ఆగాలె, చుర్రుమని ఇగిరిపోతే అప్పుడు రాయాలె. ఒకనాడు మా ఆయన ఎవరితోనో ముచ్చట పెట్టుకుంట ముందే రాసిండు. భగ్గున లేచింది మంట! నా కనుబొమ్మలు చిటపట కాలినయి. గుడ్డ అక్కడ్నే పారేసి ఉరికి జొన్నల గుమ్మి ఎనుక దాక్కున్న. ఎవ్వరు పిలిచినా బయటకు రాలే. మా ఆయన గుమ్మి కాడికొచ్చి, "అయిపోయింది రావే, మంట దాని ఇంటికి పోయింది" అన్నడు. నవ్వుకుంటనే. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ దినం నుంచి నేను తుడుసుడు నా తీరుగ తుడుసుడు. మైనం రాసిన ఇనుమును అందరు వేడి మీదనే ఒక్క ఊపున తుడిచి పారేస్తరు. నేను గట్ల చెయ్య. జర చల్లారనిస్త. గోరువెచ్చగ అయినంక ఒళ్లె పెట్టుకుని మెల్లగ, ఇటు తిప్పి అటు తిప్పి, మూలమూలన తుడుస్త. "దీనికి స్నానం చేపిస్తున్నవా ఏందే?" అని మా అత్త గునుగుతుండె. గునుగనీ. కాలితే కాలేది నా మొకమా, ఆమె మొకమా?

ఆ ఏడు చిరాగ్‌పల్లి దిక్కు ఒక పటేలు చెరుకు పెడదామని తన పాత బాయిని ఇంక లోతు తవ్విపిస్తుండె. బాయి మీద గిరక కట్టి, మోకు ఏసి, మోకు కొసకు ఇనుప తొట్టి ఏలాడదీస్తరు. లోపట తవ్విన రాళ్లు ఆ తొట్టిలనే పైకి రావాలె. తవ్వే మనుషులు అదే తొట్టిల దిగాలె, దాంట్లనే ఎక్కాలె. మోకును తొట్టిని కలిపేది ఒక్క కొక్కెం. పాత కొక్కెం అరిగిపోయిందని, కొత్తది కావాలని పటేలు మా కొలిమికి వచ్చిండు. "పూజ చేసి దించుతున్నం. పెండ్లికొడుకు లెక్క నిగనిగలాడాలె, నల్లగ అద్దం తీరు ఉండాలె" అన్నడు. మా ఆయన నవ్వి సరే అన్నడు.

నాకు అప్పటిదాక తెల్వని ముచ్చట ఒకటి ఉండె. ఒకనాడు బువ్వ తినుకుంట మా అత్త మామూలుగ అన్నది, "పూజ నాడు వీడు బాయిల దిగుతడు గదా, ముందుగాల్నే తాయెత్తు కట్టాలె" అని. నా చేతిల ముద్ద చేతిలనే ఉన్నది. బాయిల ఈయనెందుకు దిగుడు? అప్పుడు చెప్పిన్రు. కొక్కెం చేసిన కమ్మరే దాని మీద మొట్టమొదట దిగాలెనంట. కింద నేలకు కాలు పెట్టి, మల్ల దాని మీదనే పైకి రావాలెనంట. ఆ తర్వాతనే బాయి తవ్వేటోళ్లు తొట్టిల అడుగు పెడతరు. చేసినోనికే నమ్మకం లేకపోతే మేమెందుకు దిగుతం అని వాళ్ల మాట. న్యాయమైన మాటే, కాదన. కాని ఆ న్యాయం నా మొగని మెడకు ఉన్నది గదా! ఆనాటి నుంచి, ఇంక చేయని ఆ కొక్కెం నాకు ఇనుము లెక్క కనపడలే. మా ఆయన ప్రాణమే వంకర తిరిగి దాగలి మీద పడుకున్నట్టు కనపడ్డది.

కొక్కెం చేసిన దినం ముసురు. బొగ్గు చెమ్మగిల్లింది. ఎంత ఊదినా పొగే గాని మంట గాలే. పైన మోకు దూరే కన్ను కాడ ఇనుమును వంచి, కొసను మెడకు అతుకు పెట్టాలె. రెండూ తెల్లగ కాగితేనే అతుకు పడుతది. మా ఆయన కాలుస్తడు, కొడతడు, మల్ల కాలుస్తడు. నేను ఊదుకుంట ఆయన మొకం దిక్కే చూస్తున్న. ఒక్కసారి నవ్వు మానిండు. మల్ల నవ్విండు. "పడ్డది" అన్నడు. పడ్డదా లేదా నాకేం తెల్సు? నాకు తెల్సిందల్లా భయపడుడే.

మామూలుగ అయితే మైనం పలుచగ రాస్తరు. కింద ఇనుము కనపడుతది, సుత్తె దెబ్బలు గూడ కనపడుతయి. పటేలు అద్దం తీరు కావాలన్నడు గదా, అందుకని మా ఆయన మైనంల దీపపు మసి కలిపి మందంగ పట్టించిండు. అబ్బ, ఎంత నలుపు! ఎంత నునుపు! చూసినోళ్లు అందరు బాగున్నదన్నరు. నాకు గూడ బాగనే అనిపించింది, అబద్ధమెందుకు?

పొద్దుగూకే యాళ్లకు దాన్ని ఒళ్లె పెట్టుకుని తుడుస్తున్న. గోరువెచ్చగ ఉన్నది. కొక్కెం అంతా ఆరి నున్నగ అయింది గాని, మెడ కాడ ఒక చోట వేలికి తడి తగిలింది. తుడిచిన. తిప్పి ఇంకో దిక్కు తుడిచి మల్ల చూస్తే, మల్ల అక్కడనే తడి. ఎంటిక మందం గీత. మల్ల తుడిచిన. మల్ల వచ్చింది.

"ఇగో, జర ఇటు చూడున్రి. దీనికి చెమట పడుతున్నది" అన్న.

మా ఆయన చేతులు కడుక్కుంటుండె. "కొక్కేనికి చెమట పట్టుడేందే? రేపు దిగేటోణ్ని నేను, చెమట నీకు. అది నీ చేతిదే" అని నవ్విండు.

"నా చేతిది అయితే ఒక్కతాన్నే ఎందుకుంటది?"

మా అత్త పొయ్యి కాడి నుంచే అన్నది, "హెదరబ్యాడవ్వా. మైనం ఆరుతున్నది, అంతే. చూసి చూసి దానికి దిష్టి పెట్టకు."

ఇగ నేనేం అంట? ఊకున్న. కుక్కకు భయపడేదాని మాట, ఉరుముకు భయపడేదాని మాట ఎవరింటరు? అన్నిటికి అరిచేదాని అరుపు ఎవ్వరికి ఆనదు. ఆ గీత ఆరినంక చూస్తే ఏం లేదు. నల్లగ, నున్నగ, అందంగ ఉన్నది. ఆయన దాన్ని గోడకున్న మొలకు తగిలించి పోయిండు. దాని దిక్కు మొకం పెట్టి నాకు నిద్ర పట్టలే.

పొద్దున్నే ఆయన తానం చేసి, తాయెత్తు కట్టుకుని, తెల్ల రుమాలు తలకు చుట్టుకుని, కొక్కెం భుజాన ఏసుకుని పోయిండు. "మాపటికి ఏం వండుతున్నవ్?" అని అడిగిండు పోయేటప్పుడు. సడకు ఎక్కి కనపడకుంట పోయేదాక వాకిట్లనే నిలబడి చూసిన. 

మా ఇంట్ల ఒక పాత కుండ ఉండె. దానికి పక్కన సన్నగ పగులు. పారేస్తరా మరి, మా అత్త పారేయనియ్యదు. కుండను జర వెచ్చజేసి, పగులు మీద మైనం రుద్ది, నీళ్లు పోసుకుంటుండె. చుక్క కారేది గాదు. ఒక్కటే షరతు, ఆ కుండను పొయ్యి దగ్గర పెట్టొద్దు. ఆ దినం నా మనసు నా కాడ లేదు. కుండ తెచ్చి పొయ్యి పక్కనే పెట్టిన. జొన్న రొట్టె చేస్తున్న, ఊరికే దాని దిక్కు చూసిన.

కుండకు చెమట పట్టింది.

ఎంటిక మందం గీత. వేలితోటి తుడిచిన. మల్ల వచ్చింది. మల్ల తుడిచిన, మల్ల వచ్చింది. అదే తడి, అదే జిడ్డు, అదే తీరు. పగులు లోపటికి పోయిన మైనం వేడికి బయటకు వస్తున్నది. పగులు లేని చోట మైనానికి దాక్కునే జాగ ఏది? పైపైన ఉండి ఆరిపోతది. లోపటికి దూరితేనే గదా మల్ల బయటకు కారేది!

రొట్టె పెనం మీదనే మాడుతున్నది. "అత్తా!" అని అరిచిన. ఆమె ఉరికొచ్చి, "హెదర..." అనబోయి కుండ దిక్కు చూసింది.  "అత్తా, నిన్న కొక్కేనికి గూడ గిట్లనే" అన్న అంతే.  ఆమెకు మోకాళ్ల నొప్పులు, సడకు దాక గూడ నడువలేదు. నా రెక్క పట్టి వాకిట్లకు నూకింది. "నేను ఉరకలేను. నువ్వు పో. ఉరుకు!" అన్నది.

ఉరికిన. ఎట్ల ఉరికిన్నో ఇప్పటికీ నాకు తెల్వదు. అంతకు ముందు ఆ సడకు మీద నేను ఒక్కదాన్నే ఒక్కసారి గూడ పోలే. కొత్త కోడల్ని, తల మీద కొంగు లేదు, చేతులకు పిండి. లారీ ఒకటి ఎనుకకెళ్లి వచ్చి చెవులు పగిలేటట్టు హారను కొట్టింది, పక్కన కాలువల పడ్డ. లేచిన. ఎవరి ఇంటి కాడిదో కుక్క ఎంటపడ్డది. అది మొరుగుతనే ఉన్నది, నేను పోతనే ఉన్న. ఇంకో దినమైతే అక్కడ్నే చచ్చేదాన్ని. అల్లం చేన్లల్ల పనిచేసేటోళ్లు నిలబడి చూస్తున్నరు, ఎవరో "ఏమైందమ్మా" అని అడుగుతున్నరు. ఆగలే. నా మొగడు, నా మొగడు, నా మొగడు. ఇంకో మాట లేదు నా లోపట. బొట్టు మీద చెయ్యి పెట్టుకుని ఉరుకుతున్నట్టు బాయి కాడికి పోయినంకనే చూసుకున్న.

అక్కడ కొబ్బరికాయ కొట్టిన్రు, ఊదుబత్తి పొగ లేస్తున్నది. పటేలు ఉన్నడు, బాయి తవ్వేటోళ్లు ఉన్నరు, వాళ్ల మేస్త్రి గిరక కాడ నిలబడ్డడు. ముసలోడు, తెల్ల మీసాలు. మా ఆయన కనపడలే.

"ఏడి?" అన్న.

మేస్త్రి నన్ను ఎగాదిగ చూసి, "కమ్మరాయన ఇంటామెవా? దిగిండమ్మా, మంచిగనే దిగిండు. కిందనే ఉన్నడు" అన్నడు.

దిగిండు! దేవుడా, దిగిండు! నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది.  ఆ వెంటనే ఇంకో సంగతి తట్టింది. దిగినోడు ఎక్కాలె గదా. అదే కొక్కెం మీద.

బాయిలకు తొంగి చూసిన. నేను! బాయంటే కండ్లు మూసుకునేదాన్ని బోర్ల పడుకుని తల లోపటికి పెట్టిన. అడుగున చీకట్ల తెల్ల రుమాలు కనపడ్డది. ఆయన తల ఎత్తి చూస్తున్నడు. తొట్టి ఆయన పక్కన ఉన్నది, ఒక కాలు అప్పుడే దాంట్ల పెట్టిండు. అరవాలె. ఏమని అరవాలె? మొగని పేరు పెట్టి పిలుసుడు మాకు లేదు. ఇంట్ల అయితే ఇగో అంట, అగో అంట. గంత లోతుకు ఇగో అంటే ఏం వినపడుతది?

"ఓ కమ్మరాయనా!" అని అరిచిన. "ఓ కమ్మరాయనా, ఎక్కకున్రి! కొక్కెం పగిలింది!"

ఒడ్డు మీద అందరు పక్కున నవ్విన్రు. సొంత మొగణ్ని ఊరోని లెక్క పిలిచిన్నని. పటేలు మాత్రం నవ్వలే. "పూజ కాడ పగిలింది గిగిలింది అని ఏం కూతలమ్మా ఇవి? మంచిగున్న కొక్కెం. గుంజున్రి, గుంజున్రి, పొద్దెక్కుతున్నది" అన్నడు. మనుషులు మోకు మీద చేతులు ఏసిన్రు.

నేను మోకు మీద పడ్డ. రెండు చేతులు, రెండు కాళ్లు చుట్టి పట్టుకున్న. సిగ్గు లేదు, ఏం లేదు. "ఆయన్ని దీని మీద గుంజినోని చేతులు పడిపోను! గుంజాలంటే నన్ను గూడ కలిపి గుంజున్రి!" అన్న. అంత గొంతు నాకు ఉన్నదని నాకే తెల్వదు. ఒగడు నా రెక్క పట్టుకుని లేపబోయిండు, చెయ్యి కొరికిన. కుండ సంగతి చెప్తున్న, మైనం సంగతి చెప్తున్న, చెమట అంటున్న. ఎవ్వరికి ఏం అర్థమైతలేదు. కొత్త కోడలికి గాలి సోకింది అంటున్నరు.

అప్పుడు కింద నుంచి మా ఆయన గొంతు వచ్చింది. నవ్వుకుంటనే. "ఆమెది ఎప్పుడూ అంతే, పిరికిది. ఆమె మనసు నిమ్మలపడనియ్యున్రి. ముందుగాల తొట్టి నిండ రాళ్లు పంపుత, గుంజున్రి. ఆగితే ఆమెకు నమ్మకమైతది, ఎనుక నేనొస్త."

మేస్త్రి నా దిక్కు చూసిండు, బాయి దిక్కు చూసిండు. "మంచిదే. ఓ కమ్మరాయనా, తొట్టి నింపి నువ్వు పక్క గుంటల కూసో. మొకం గోడకు పెట్టు" అని కేకేసిండు. బాయి అడుగున, పక్క గోడల మన్ను కూలి గూడు తీరు ఒక గుంట ఉండెనంట.

కింద రాళ్ల చప్పుడు. చానాసేపు అయినట్టు అనిపించింది. "ఆఁ" అన్నడు ఆయన. గుంజిన్రు. మోకు బిగుసుకున్నది, గిరక కీచుమన్నది. నేను ఒడ్డు మీద రాయిని పట్టుకుని కూసున్న. తొట్టి పైకొస్తున్నది. ఏం గాలే. ఇంక పైకొచ్చింది. ఏం గాలే. పటేలు "చూసినవా?" అన్నట్టు నా దిక్కు చూసిండు. తొట్టి అంచు ఎండకు వచ్చింది, కొక్కెం నల్లగ మెరిసింది.

టప్‌మన్నది. చిన్న చప్పుడు. గాజు పగిలినంత.

గుంజేటోళ్లందరు ఎల్లకిల పడ్డరు. మోకు ఎగిరి గిరకకు కొట్టుకున్నది. ఆ తర్వాత కింద నుంచి వచ్చిన చప్పుడు నేను చెప్పలేను, చెప్ప. బాయి నిండ ఎర్ర దుమ్ము.  మేస్త్రి రెండు చేతులు నోటికి పెట్టి "ఓ..." అన్నడు. జవాబు లేదు. మల్ల అన్నడు. జవాబు లేదు. నేను ఊపిరి తీసుకోలే. తీసుకుంటే ఆ చప్పుడుకు ఆయన గొంతు వినపడదని భయం.

దగ్గు వినపడ్డది. ముందు దగ్గు. ఎనుక, "ఉన్న" అన్నడు. మెల్లగ. "ఉన్న, ఉన్న."

నేను ఏడ్వలే. ఆ దుమ్ముల కూసుని రాయిని గట్టిగ పట్టుకునే ఉన్న. మేస్త్రి మోకు కొసన మిగిలిన ముక్క తెచ్చి అందరికి చూపెట్టిండు. కన్ను ఉన్నది, మెడ లేదు. విరిగిన కాడ ఒక పక్క తెల్లగ, కొత్తగ మెరుస్తున్నది, అది ఇప్పుడు విరిగింది. ఇంకో పక్క సగం దాక నల్లగ ఉన్నది, మసి మైనం నిండుకుని. అక్కడ అతుకే పడలే. నల్లటి అందం కింద పగులు పడుకుని ఉన్నది. మేస్త్రి గోరుతోటి గీకితే మైనం మెత్తగ ఊడొచ్చింది.

ఒగడు అన్నడు, "రాళ్ల బరువుకు విరిగింది గాని, ఒక్క మనిషి బరువుకు ఆగునేమో."

"ఆగునేమో!" అన్న నేను. "ఆ ఏమో మీద నీ పెండ్లాన్ని కూసోబెట్టి దించు, నేను చూస్త." 

వేరే మోకు నడుముకు కట్టి ఆయన్ని పైకి తీసిన్రు. రుమాలు దుమ్ముకు ఎర్రగ అయింది, మోచేతుల తోలు లేసింది. ఇంకేం గాలే. నా దిక్కు చూసి నవ్వలే. పటేలుతోటి ఒక్క మాట అన్నడు, "ఇంకోటి చేసి తెస్త" అని. మేస్త్రి నాకు ఒక ముంత నీళ్లు ఇచ్చిండు. సగం తాగి, సగం ఆయన మోచేతుల మీద పోసిన.

ఇంటికి నడిచొస్తున్నం. ఆయన ముందల, నేను ఎనుక. లారీలు పోతున్నయి. ఇందాకటి కుక్క మల్ల లేచింది, ఆయన్ని చూసి ఊకున్నది. చెప్పక ఊకె ఉరికొచ్చిన్నని కోప్పడుతడేమో, పదిమందిల కమ్మరాయనా అని పిలిచిన్నని నవ్వుతడేమో అనుకుంటున్న. ఏం లేదు. కొంతదూరం వచ్చినంక సడకు పక్కన రాయి మీద కూలబడ్డడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నడు.  నిప్పుల చెయ్యి పెట్టి నవ్వే మనిషి!

"దిగేటప్పుడే టిక్కుమన్నది" అన్నడు.

నాకు సమజ్ గాలే. "ఏందీ?"

"కొక్కెం. సగం దిగినంక మెడ కాడ టిక్కుమన్నది. నేను విన్న. అడుగుకు పోయినంక పానం ఒణికింది. తొట్టిల కాలు పెట్టిన, మల్ల తీసిన, మల్ల పెట్టిన. అప్పుడే నీ అరుపు వినపడ్డది."

 రాళ్లు పంపుత అన్నది నా మనసు నిమ్మలపడనీకె గాదు.

"నేను రాకపోతే?" అన్న.

"ఎక్కేటోణ్ని" అన్నడు. తల ఎత్తకుంట. "ఏం చెప్పి ఆగుత? నేను చేసిన కొక్కేనికి నేనే భయపడ్డనని గంతమందిల చెప్తనా?"

అంత కోపం నాకు ఎన్నడూ రాలే. ఆ లారీల చప్పుడుల, ఆ సడకు మీద, నోటికొచ్చినట్టు తిట్టిన. సచ్చినా సరే గాని నోరు తెరవవా అని తిట్టిన. నా బొట్టు కంటే నీకు మీసం ఎక్కువైందా అని తిట్టిన. తిట్టి తిట్టి, ఆయన పక్కనే కూసుని ఏడ్చిన. ఆయన గూడ ఏడ్చిండు. మొగోడు ఏడ్వంగ చూసుడు నాకు అదే మొదలు.

ఇంటి కాడ మా అత్త వాకిట్లనే కూసున్నది. కొడుకును చూసి లేవలే, ఆమెకు లేవరాలే. ఆ దినం నుంచి ఆమె నాతోటి హెదరబ్యాడ అనుడు మానింది. నేను ఉలిక్కిపడితే, పని ఆపి, నేను చూసే దిక్కు ఆమె గూడ చూస్తుండె.

కొత్త కొక్కేనికి ఎండిన బొగ్గు తెచ్చి పెట్టిండు మా ఆయన. మైనంల మసి కలపలే. పటేలుకు నలుపు కావాలంటే బొగ్గే తెచ్చుకోమని చెప్పున్రి అన్నడు. పలుచగ రాసిండు, నేను తుడిచిన. ఆరినంక మల్ల కొలిమి దగ్గర పెట్టి వెచ్చజేసిండు. ఇదివరకు గట్ల ఎవ్వరు చేయంగ నేను చూడలే. వెచ్చగ అయినంక పట్టుకారుతోటి తెచ్చి, గుడ్డ పరిచి నా ముందల పెట్టిండు. గొంతుక్కూసున్నడు.

"జర భయపడు" అన్నడు.

నేను ఆయన మొకం దిక్కు చూసిన. ఎక్కడన్న నవ్వు ఉన్నదా అని. లేదు.

"నాకు భయపడుడు చాతగాదు. పడ్డా నోరు రాదు. నీకు వస్తది. దీన్ని చూసి మంచిగ భయపడు."

కొక్కేన్ని ఒళ్లెకు తీసుకున్న. కన్ను చూసిన, మెడ చూసిన, వంపు చూసిన. తుడిచి చూసిన, తిప్పి చూసిన, మల్ల తుడిచిన. ఎక్కడా తడి లేదు. అయినా ఇడిచిపెట్టలే, పొద్దు వాలేదాక పట్టుకునే కూసున్న. ఆయన గూడ పక్క నుంచి లేవలే. ఆఖరికి "ఆరింది, పోవచ్చు" అన్న.

తెల్లారి పోయి దిగిండు. ఆరిందని నాకు తెల్సు, నా చేతులతోటి చూసిన. అయినా ఆయన మల్ల ఇంటికి వచ్చేదాక నేను పొయ్యి ముట్టియ్యలే.